చేతిలో ఇమిడే టార్చి, నమ్మదగ్గ టార్చి: విశాఖ ఉప్పుగాలిలో అపోహలు - వాస్తవాలు

చిన్న టార్చి కొనేటప్పుడు అందరూ ముందు అడిగేది 'వెలుగు ఎంత దూరం పోతుంది?' అనే. కానీ పనిలో పడ్డాక టార్చి మొరాయించేది వెలుగు చాలక కాదు. ఉప్పు పట్టిన మరలు, తడి చేరిన స్విచ్చి, నాసిరకం సెల్లు, వేడెక్కి దానంతటదే తగ్గిపోయే వెలుగు: విశాఖలో టార్చి చేతులెత్తేసిందంటే కారణం దాదాపుగా వీటిలోనే ఉంటుంది. ఫిషింగ్ హార్బర్‌లో ఇంజను గది చూసుకునే బోటు డ్రైవరుకైనా, షిప్‌యార్డులో ట్యాంకులోకి దిగే ఫిట్టరుకైనా, స్టీల్‌ప్లాంటు నైట్‌షిఫ్టులో కేబుళ్ల మధ్య తిరిగే ఎలక్ట్రీషియనుకైనా ఇబ్బంది పెట్టేవి ఇవే.

అపోహ: ల్యూమెన్స్ ఎంత ఎక్కువుంటే టార్చి అంత మంచిది

ల్యూమెన్స్ అంటే టార్చి నుంచి బయటికొచ్చే మొత్తం వెలుగు. ఆ వెలుగు ఒకచోట కేంద్రీకరించి దూరం పోతుందా, దగ్గర్లోనే పరుచుకుంటుందా అన్నది క్యాండెలా చెబుతుంది. 10,000 క్యాండెలా ఉన్న టార్చికి పెట్టె మీద 200 మీటర్లని రాస్తారు. అంటే 200 మీటర్ల దగ్గర 0.25 లక్స్ పడుతుందని అర్థం. అది పున్నమి వెన్నెలపాటి వెలుగు. అక్కడ మనిషి ఉన్నాడని తెలుస్తుందేమో గానీ, తాడు ముడి పడిందో లేదో తెలియదు. దూరం సగమైతే వెలుగు నాలుగింతలవుతుంది కాబట్టి, పెట్టె మీది దూరంలో సగాన్నే పనికొచ్చే దూరంగా లెక్కేసుకోండి.

అసలు మోసపోయేది సమయం దగ్గర. టార్చిలకు అన్సీ ఎఫ్ఎల్1 అనే ప్రమాణం 2009లో వచ్చింది. దాని ప్రకారం వెలుగును కొలవడం మొదలుపెట్టేది వెలిగించిన 30 సెకన్ల తర్వాత. ఎంతసేపు వెలుగుతుందన్న లెక్క, వెలుగు మొదటి స్థాయిలో 10 శాతానికి పడిపోయేదాకా నడుస్తుంది. '1000 ల్యూమెన్స్, 3 గంటలు' అని రాసిన టార్చి మొదటి మూడు నిమిషాలు 1000 ఇచ్చి, మిగతా సమయమంతా 300 ఇచ్చినా ఆ రాత అబద్ధం కాదు. అందుకే సమయంతో పాటు వెలుగు ఎలా తగ్గుతుందో చూపే గీత, అంటే రన్‌టైమ్ గ్రాఫు, ఇచ్చే కంపెనీని నమ్మొచ్చు.

ఈ లెక్క ఎవరైనా దుకాణంలో నిలబడే వేసుకోవచ్చు. 18650 రకం మంచి లిథియం సెల్లులో ఉండే శక్తి 3.6 వోల్టులు × 3.5 యాంపియర్ అవర్లు, అంటే సుమారు 12.6 వాట్ అవర్లు. సర్క్యూట్ నష్టాలు పోగా ఇప్పటి ఎల్ఈడీ టార్చి వాటుకు ఓ 120 ల్యూమెన్స్ ఇస్తుందనుకుంటే మొత్తం 1,500 ల్యూమెన్ గంటలు. 1000 ల్యూమెన్స్‌తో అయితే గంటన్నర, 300తో అయితే 5 గంటలు. ఒకే సెల్లుతో '3000 ల్యూమెన్స్, 8 గంటలు' అని రాసి ఉంటే ఆ పెట్టె అక్కడే పెట్టేయండి.

వేడి సంగతి వేరు. బొటనవేలు లావు టార్చి 10 వాట్లకు మించి తీసుకుంటే ఆ వేడి పోయే దారి ఉండదు. ఒళ్లు 50 డిగ్రీలు దాటితే చేత్తో పట్టుకోలేం కాబట్టి లోపలి డ్రైవర్ సర్క్యూట్ వెలుగును తగ్గిస్తుంది. ఇది లోపం కాదు, రక్షణ. మే నెలలో గాలి ఆడని ట్యాంకులో అయితే ఇంకా ముందే తగ్గిస్తుంది. పనికి కొనేటప్పుడు 'టర్బో' (కాసేపే నిలిచే గరిష్ఠ వెలుగు) అంకె వదిలేసి, గంటలకొద్దీ స్థిరంగా ఇచ్చే 200-400 ల్యూమెన్స్ మెట్టు ఎలా ఉందో చూడండి.

అపోహ: సెల్లు మీద 9900 ఎంఏహెచ్ ఉంది, ఇంకేం కావాలి

18650 అంటే 18 మి.మీ. లావు, 65 మి.మీ. పొడవు. అంత చోటులో పానాసోనిక్, శాంసంగ్, ఎల్‌జీ లాంటివాళ్లు పట్టించగలిగింది సుమారు 3500 ఎంఏహెచ్ (మిల్లీయాంపియర్ అవర్లు, అంటే 3.5 యాంపియర్ అవర్లు) చుట్టుపక్కలే. 9900 అన్న అంకె కేవలం అచ్చు. తేల్చుకోవాలంటే తూచండి. అసలు సెల్లు 45 నుంచి 50 గ్రాములుంటుంది. కిరాణా కొట్టు డిజిటల్ కాటా మీద 30 గ్రాములు చూపించిందంటే లోపల సరుకు లేనట్టే. మనదేశంలో అమ్మే లిథియం సెల్లుకు బీఐఎస్ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఐఎస్ 16046 గుర్తు, 'ఆర్' తో మొదలయ్యే నంబరు ఉన్నాయో లేదో చూడండి.

కొలత ఒకటే కదా అని ఏ సెల్లు పడితే అది వేయడమూ పొరపాటే. రక్షణ సర్క్యూట్ ఉన్న సెల్లు మామూలుదానికంటే 3 నుంచి 5 మి.మీ. పొడవుంటుంది. దాన్ని బలవంతంగా తోసి టెయిల్ క్యాప్ (వెనక మూత) బిగిస్తే స్ప్రింగ్ నలిగిపోతుంది. రెండు సెల్లుల టార్చిలో ఒకటి కొత్తది, ఒకటి పాతది వేస్తే పాతది ముందే ఖాళీ అవుతుంది. అప్పుడు కొత్తది దాని గుండా కరెంటును బలవంతంగా పంపి, దాని ప్లస్ మైనస్‌లను ఉల్టా చేస్తుంది. ఆల్కలైన్ అయితే కారుతుంది. లిథియం అయితే పొగ, మంట దాకా వెళ్తుంది. నమ్మకం ముఖ్యమైన చోట ఒక్క సెల్లు టార్చే మేలు. మూడు చిన్న సెల్లులు పట్టే ప్లాస్టిక్ బుట్ట టార్చిల్లో విఫలమయ్యే అతుకులు అన్నిరెట్లు ఎక్కువ.

అపోహ: వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉంది, సముద్రంలో పడినా ఫరవాలేదు

నీటిని, దుమ్మును ఎంతవరకు ఆపుతుందో ఐపీ అంకె చెబుతుంది. ఐపీఎక్స్4 అంటే చినుకులు, తుంపర్లు. ఐపీఎక్స్7 అంటే మీటరు లోతులో 30 నిమిషాలు. ఐపీఎక్స్8 అంటే అంతకంటే ఎక్కువ, ఎంతన్నది తయారీదారు చెప్పాలి. 'ఎక్స్' ఉందంటే దుమ్ము పరీక్ష లెక్కలోకి తీసుకోలేదని. సిమెంటు, బొగ్గు, ఇనుప ధూళి ఉన్నచోట ఐపీ67 లేదా ఐపీ68 అని పూర్తిగా రాసి ఉన్నది చూసుకోండి. నీళ్లలో మునిగినా తట్టుకునేది పైపు ధారకు తట్టుకోవాలని లేదు, ఆ పరీక్ష వేరు. డెక్కు కడిగేచోట వాడేదానికి ఐపీఎక్స్6 కూడా ఉండాలి.

ఈ పరీక్షలన్నీ మంచినీళ్లలో, కొత్త టార్చికి చేసేవే. ఉప్పునీటి మాట వాటిలో లేదు. అల్యూమినియం ఒంటికి స్టీలు క్లిప్పు రాసుకుని పూత పోయిన చోట ఉప్పునీరు తగిలితే, రెండు లోహాల మధ్య చిన్న బ్యాటరీలా కరెంటు పుట్టి అల్యూమినియాన్ని తినేస్తుంది. క్లిప్పు కింద, మరల చివర తెల్లటి పొడి కనిపిస్తే అదే. కొన్నాళ్లు వదిలేస్తే టెయిల్ క్యాప్ పట్టకారుతో తిప్పినా ఊడిరాదు.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. టర్బోలో వెలిగి కాలిపోతున్న టార్చిని గభాలున చన్నీళ్లలో ముంచకూడదు. లోపలి గాలి ఒక్కసారి చల్లబడి కుంచించుకుంటుంది. ఆ లాగుడుకు ఓ-రింగ్ (మూత దగ్గర నీటిని ఆపే రబ్బరు రింగు) పక్కనుంచి నీరు లోపలికి దూరుతుంది.

సముద్రం మీద వాడాక మూత తీయకుండానే మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టాలి. తర్వాత నెలకోసారి చేయాల్సింది ఇంతే. టెయిల్ క్యాప్ విప్పి సెల్లు తీయండి. మరల్లోని నల్లటి మడ్డిని నూలుపోగులు రాని గుడ్డతో తుడవండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్‌బడ్‌తో స్ప్రింగ్ కొన, ట్యూబు అంచు, తలలోని కాంటాక్టు తుడవండి. టార్చి మిణుకుమిణుకుమంటే చాలాసార్లు కారణం ఆ అంచు మీది మురికే. గరుకు కాగితంతో మాత్రం రుద్దొద్దు, పూత పోతే మరింత తొందరగా చిలుము పడుతుంది. ఓ-రింగ్‌ను గోటితో పక్కకి నెట్టి తీసి, వేళ్ల మధ్య కొంచెం సాగదీసి చూడండి. సన్నటి పగుళ్లు గానీ, ఒకవైపు నొక్కుకుపోయిన చదును గానీ కనిపిస్తే మార్చేయడమే. బాగుంటే బియ్యపు గింజంత సిలికాన్ గ్రీజు, మెరుపు వచ్చేలా పలచగా. ఎక్కువైతే దుమ్మును పట్టి అదే గరుకు పేస్టవుతుంది.

కొబ్బరినూనె, కుట్టుమిషను నూనె వద్దు. నూనె నిలవదు, బంకలా మారుతుంది. వ్యాసలీన్ కొన్ని రకాల రబ్బరును ఉబ్బిస్తుంది, మన రింగు ఏ రబ్బరో చూసి చెప్పలేం. చాలా టార్చిల్లో ఉండేది నైట్రైల్ రబ్బరు, దానికి సిలికాన్ గ్రీజు నిశ్చింతగా వాడొచ్చు.

నీళ్లు దిగుతాయో లేదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. సెల్లు తీసేసి, ట్యూబులో టిష్యూ పేపరు చుట్ట పెట్టి, మూత బిగించి, బకెట్ అడుగున అరగంట ఉంచండి. బయట బాగా తుడిచాకే విప్పండి. పేపరు చెమ్మగిల్లిందంటే ఆ టార్చిని బోటు మీదికి తీసుకెళ్లొద్దు. ఛార్జింగ్ రంధ్రానికి రబ్బరు మూత మాత్రమే ఉన్నవాటిలో ముందుగా ఓడిపోయేది ఆ మూతే. సెల్లు బయటికి తీసి ఛార్జ్ చేసే టార్చికి ఆ బాధ లేదు.

అపోహ: స్టీలు ఒళ్లయితే గట్టిది

గట్టిదే, కానీ వేడిని వదలదు. స్టెయిన్‌లెస్ స్టీలు కంటే అల్యూమినియం దాదాపు పదింతలు బాగా వేడిని మోస్తుంది. హార్డ్ ఆనోడైజింగ్ (పైన గట్టి పూత) చేసిన అల్యూమినియం చాలు. కరెంటు పనివాళ్లు మాత్రం ప్లాస్టిక్ ఒళ్లున్నదే తీసుకోవాలి.

అపోహ: జూమ్, ఎస్ఓఎస్, వెనక అయస్కాంతం ఉంటే పనికి మంచిది

తల ముందుకీ వెనక్కీ జరిగే జూమ్ టార్చికి ఆ జారే చోట తడిని పూర్తిగా ఆపడం కష్టం. వెలుగులో చాలా భాగం లోపలే పోతుంది కూడా. మోడ్‌లు ఎన్నున్నాయన్నది కాదు, నొక్కగానే మీరు అనుకున్న మెట్టే రావాలి. చీకటికి అలవాటైన కళ్లకు మొదట టర్బో కొడితే తర్వాత కాసేపు ఏమీ కనిపించదు.

వెనక అయస్కాంతం ఇంజను పనికి చాలా సుఖం. కానీ గ్రైండింగ్ చేసేచోట ఇనుప రజను గుత్తులుగా అంటుకుంటుంది. ఛార్జింగ్ బిందువులు కూడా అక్కడే ఉంటే ఆ రజను వాటిని కలిపి షార్ట్ చేయొచ్చు. బోటు దిక్సూచి పక్కన ఆ టార్చి పెట్టారంటే ముల్లు పక్కకి తిరుగుతుంది. వీల్‌హౌస్ (బోటు నడిపే గది) లోకి అయస్కాంతం లేనిదే తీసుకెళ్లండి.

సంచిలో వేసుకునేటప్పుడు టెయిల్ క్యాప్ పావు చుట్టు వదులు చేయండి. చాలా టార్చిల్లో దాంతో కరెంటు తెగుతుంది. సంచిలో దానంతటదే టర్బోలో వెలిగిన టార్చి గుడ్డను కాల్చగలదు.

అపోహ: వెలుగు ఎంత తెల్లగా ఉంటే అంత స్పష్టం

6500 కెల్విన్ (వెలుగు రంగును చెప్పే అంకె, పెరిగేకొద్దీ నీలి ఛాయ) నీలివెలుగు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, రంగుల్ని మాత్రం చంపేస్తుంది. గోధుమరంగు తీగను ఎర్రది అనుకోవడం, తుప్పుకీ ఆరిన ఆయిలుకీ తేడా తెలియకపోవడం దీనివల్లే. కేబుల్ పని, ఇంజను పని, ప్రథమ చికిత్స: వీటికి 4000-5000 కెల్విన్, సీఆర్ఐ (రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో 100కి చెప్పే అంకె) 90 పైన ఉన్నది తీసుకోండి. అరకు ఘాట్‌రోడ్డు మంచులో టార్చిని కంటి పక్కన కాకుండా నడుం దగ్గర పట్టుకోండి, తెల్లటి పొర తిరిగి కళ్లలో కొట్టడం తగ్గుతుంది.

అపోహ: బ్యాటరీ టార్చే కదా, గ్యాస్ ఉన్నచోట ఏమవుతుంది

ప్రాణాల మీదికొచ్చే అపోహ ఇది. స్విచ్చిలో వచ్చే సన్నటి నిప్పురవ్వ, కిందపడి పగిలిన సెల్లు, కాలిన లెన్సు: మండే ఆవిరి ఉన్నచోట ఏ ఒక్కటైనా చాలు. నీళ్లు దూరకపోతే గ్యాసూ దూరదనుకోవద్దు, ఐపీ అంకెకీ పేలుడు రక్షణకీ సంబంధం లేదు. రిఫైనరీ ప్రాంతం, ట్యాంకరు ఓడల పంప్‌రూమ్, అప్పుడే తెరిచిన ఆయిల్ ట్యాంకు, పెయింటు వేస్తున్న మూసిన గది: ఇక్కడ 'ఎక్స్' (Ex, అంటే పేలుడు రక్షణ; ఐపీఎక్స్‌లోని X కాదు) ముద్ర ఉన్న టార్చే వాడాలి. ముద్రలో మూడు చూడండి. ఏ జోన్‌కు పనికొస్తుంది (0, 1, 2 ల్లో 0 అత్యంత ప్రమాదకరం), ఏ గ్యాస్ గ్రూపుకు (హైడ్రోజన్ ఉండేచోట ఐఐసీ), ఏ ఉష్ణోగ్రత తరగతి (టీ4 అంటే ఉపరితలం 135 డిగ్రీలు దాటదు). మనదేశంలో పెసో (పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ) ఆమోదం ఉందో లేదో సేఫ్టీ విభాగంతో సరిచూసుకోండి. ఆ టార్చికి కూడా సెల్లు మార్చడం, ఛార్జ్ చేయడం సురక్షిత ప్రాంతంలోనే.

ఇంట్లో గ్యాస్ వాసన వస్తే టార్చి వెలిగించొద్దు, వెలుగుతున్నదాన్ని ఆర్పొద్దు. తలుపులు, కిటికీలు తీసి, రెగ్యులేటరు కట్టి, బయటికొచ్చి 1906కి ఫోన్ చేయండి.

అపోహ: తుపాను కోసం కొని అల్మరాలో పెట్టాం, నిశ్చింత

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తాకాక నగరం రోజుల తరబడి చీకట్లో ఉంది. ఛార్జింగ్ తప్ప దారిలేని టార్చి అలాంటప్పుడు ఒక్క పూటలో అయిపోతుంది. ఇంటికి ఒకటైనా ఏఏ సెల్లుతో నడిచేది ఉండాలి. ఆల్కలైన్ సెల్లు లోపలే వదిలేస్తే నెలల తర్వాత పొటాషియం హైడ్రాక్సైడ్ కారి స్ప్రింగును తినేస్తుంది. సెల్లును టార్చి బయట, పక్కనే రబ్బరు బ్యాండుతో కట్టి ఉంచండి. లేదంటే ఛార్జ్ నిలుపుకునే రకం నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లులు వేసి, సెప్టెంబరు చివర ఒకసారి ఛార్జ్ చేసుకోండి.

ఇప్పటికే కారి ఉంటే గ్లవ్స్ వేసుకుని, నిమ్మరసం గానీ వెనిగర్ గానీ ఇయర్‌బడ్‌తో అద్దండి. నురగ ఆగాక తడిగుడ్డతో, తర్వాత ఆల్కహాల్‌తో తుడిచి ఒక రోజంతా ఆరనివ్వండి. స్ప్రింగు సన్నబడి ఉంటే ఆ టార్చిని ఇంట్లో వాడకానికి ఉంచుకుని, తుపాను పెట్టెలోకి వేరేది తీసుకోండి.

లిథియం సెల్లు నిండా ఛార్జ్ చేసి దాచితే వేడికి తొందరగా ముసలిదవుతుంది. 3.7-3.8 వోల్టుల దగ్గర దాచి, తుపాను హెచ్చరిక రాగానే 4.2 దాకా నింపండి. ఎండలో ఆపిన కారు డ్యాష్‌బోర్డు మీద ఏ సెల్లునీ వదలొద్దు, అక్కడి వేడి 60 డిగ్రీలు దాటుతుంది.