పాదాల మీద మోజు: అపోహలు - వాస్తవాలు

పెళ్ళి కుదిరాక మా ఓపీకి వచ్చే కుర్రాళ్ళలో కొందరు తలుపు మూశాక గానీ నోరు విప్పరు. "ఆడవాళ్ళ పాదాలు చూస్తేనే నాకు కోరిక పుడుతుంది డాక్టర్‌గారూ, నేను పెళ్ళికి పనికొస్తానా?" అప్పటికే గోడ మీది ప్రకటనలు నమ్మి, లాడ్జి గదుల్లో వేలకు వేలు పోసి, పేరూ ఊరూ లేని పొడులు మింగి ఉంటారు.

అపోహ: ఫుట్ ఫెటిష్, అంటే పాదాలు చూస్తే కోరిక పుట్టడం, మానసిక రోగం, మందులతో అణచాలి.

వాస్తవం: కాదు. ఇష్టం వేరు, రుగ్మత వేరు అని అమెరికా సైకియాట్రిస్టుల సంఘం 2013లో తెచ్చిన మానసిక రుగ్మతల గ్రంథం డీఎస్ఎమ్-5 స్పష్టంగా చెప్పింది. కనీసం 6 నెలలుగా ఆ కోరిక తీవ్రంగా ఉండి, దానివల్ల మనిషి బాగా నలిగిపోతున్నా, కాపురమో ఉద్యోగమో దెబ్బతింటున్నా అప్పుడే రుగ్మత అంటాం. 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి జబ్బుల జాబితా ఐసీడీ-11లోనైతే ఫెటిషిజం అనే విడి జబ్బే లేదు, తీసేశారు. నలుగురికీ తెలిస్తే పరువు పోతుందన్న బెంగ ఒక్కటే ఉంటే, ఆ బెంగకు కౌన్సెలింగ్ ఇస్తాం. ఇష్టానికి మందు రాయం. ఆ పొడుల పొట్లాలు దయచేసి అవతల పారేయండి.

భార్యల భయం వేరు. ఒకావిడ కన్నీళ్ళు పెట్టుకుని, "ఆయన నా కాళ్ళు ముద్దు పెట్టుకుంటారండీ, నాకు పాపం కాదూ?" అంది. పట్టీల పైకి చీర కుచ్చిళ్ళు లాక్కుంటూ కూర్చుంది. పెళ్ళిలో నీ పాదం పట్టుకుని సన్నికల్లు మీద పెట్టించిందీ, మట్టెలు తొడిగిందీ ఆయనే కదమ్మా అన్నాను. కాస్త తేరుకుంది. నిజానికి ఆవిడకు ఆ స్పర్శ ఇష్టమే, భయమల్లా పాపమని. ఇష్టం లేకపోతే మాత్రం వద్దనే హక్కు ఆవిడకు పూర్తిగా ఉంది. భర్త ఆ మాట వినాలి.

అపోహ: ఇది సెల్‌ఫోన్లు తెచ్చిన కొత్త పిచ్చి.

వాస్తవం: పదహారో శతాబ్దంలో నంది తిమ్మన పారిజాతాపహరణంలో సత్యభామ ఎడమకాలితో తంతే, కృష్ణుడు అది తనకు మన్ననే అంటాడు. పులకించిన తన ఒంటి రోమాలు ముళ్ళలా గుచ్చుకుని ఆ పాదం నొచ్చిందేమోనని బాధపడతాడు. పారాణి, అందెలు, మట్టెలు ఇన్ని సింగారాలు మనవాళ్ళు పాదానికి ఊరికే చెయ్యలేదు. అందులో అందమూ ఉంది, వలపూ ఉంది.

చిన్నప్పుడు ఏదో జరిగితేనే వస్తుందంటారు. ఫలానా కారణమని ఇంతవరకూ తేలలేదు. మెదడులో పాదం స్పర్శ, జననాంగాల స్పర్శ అందే చోట్లు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి అని ఒక వాదన ఉంది. అది ఊహే, రుజువు కాలేదు. మగవాళ్ళకే ఉంటుందన్నదీ తప్పు, వాళ్ళలో ఎక్కువ, అంతే.

ఒక్క విషయంలో మాత్రం నేను మెత్తబడను. బస్సులో, గుడి మెట్ల దగ్గర ముక్కూమొహం తెలియని ఆడవాళ్ళ కాళ్ళకు దొంగతనంగా ఫొటోలు తీయడం తప్పే. ఆపుకోలేకపోతుంటే వెంటనే సైకియాట్రిస్టును కలవండి.

ఇంకోటి, ఇది ఎవరూ అడగరు. వేళ్ళ సందుల్లో చర్మం పాసిపోయి తెల్లబడి దురద పెడుతుంటే అది చాలావరకు ఫంగస్. తగ్గేదాకా అక్కడ నోరు తగలనివ్వకండి. షుగర్ ఉన్నవాళ్ళకు పాదంలో పగుళ్ళు, పుండ్లు ఉన్నా నొప్పి తెలియకపోవచ్చు, ముందు వెలుతురులో చూసుకోండి.