సర్వైకల్ క్యాన్సర్: ఒక్క జబ్బుకు మూడు పరీక్షలు ఎలా వచ్చాయి?

గర్భాశయ ముఖద్వారానికి వచ్చే క్యాన్సర్‌ను (సర్వైకల్ క్యాన్సర్) ముందే పట్టుకోవడానికి పాప్ స్మియర్ చేయించుకోవాలా, హెచ్‌పీవీ అనే వైరస్ ఉందేమో చూసే టెస్టా, లేక క్యాంపుల్లో ఎసిటిక్ యాసిడ్ రాసి చూస్తారే, అది చాలా? ఈ ప్రశ్నకు ఒక్కో డాక్టరు ఒక్కో జవాబు చెబుతారు, విన్నవాళ్లకు టెన్షన్ మిగులుతుంది. మూడింటి పుట్టుక తెలిస్తే తేడా సులువుగా అర్థమవుతుంది.

పాప్ స్మియర్ కథ గినీ పందులతో మొదలైంది. గ్రీస్ నుంచి న్యూయార్క్ వలస వచ్చిన జార్జ్ పాపనికొలావ్, వాటికి అండం ఎప్పుడు విడుదలవుతుందో కనిపెట్టాలని, ముక్కు లోపల చూసే చిన్న పరికరంతో యోని నుంచి కణాలు తీసి మైక్రోస్కోప్ కింద పెట్టేవారు. తర్వాత అదే పని మనుషులతో చేశారు. ఏళ్ల తరబడి శాంపిల్స్ ఇచ్చింది ఆయన భార్యే. ఆ స్లైడ్లలో క్యాన్సర్ కణాలు కూడా గుర్తుపట్టొచ్చని 1928లో చెబితే పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు, ముక్క కోసి బయాప్సీ చేసే వీలుండగా ఈ రాలిన కణాలతో పనేంటన్నారు. నిజానికి రొమేనియాలో ఆరెల్ బాబెష్ అంతకు ఏడాది ముందే ఇలాంటి పద్ధతే చెప్పారు గానీ, పేరు మాత్రం పాపనికొలావ్‌కే దక్కింది. 1941లో హెర్బర్ట్ ట్రాట్‌తో కలిసి పేపర్, 1943లో పుస్తకం వచ్చాక గానీ వైద్యలోకం కదల్లేదు.

ఫిన్లాండ్ 1960ల్లో, బ్రిటన్ 1988లో ఆడవాళ్లను పేరుపేరునా పిలిచి ఈ పరీక్ష చేయడం మొదలుపెట్టాయి, మరణాలు బాగా తగ్గాయి. ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. విడిగా చూస్తే పాప్ స్మియర్ అంత పదునైన పరీక్షేం కాదు, ముదిరే అవకాశం ఉన్న మార్పుల్ని ఒక్కసారి చేసినప్పుడు చాలానే వదిలేస్తుంది. చెక్క పుల్లతో గర్భాశయ ముఖద్వారం చుట్టూ గీకాలి, స్లైడ్ మీద పలచగా పూయాలి, ఆరిపోకముందే ఆల్కహాల్‌లో ముంచాలి, ఆ తర్వాత వేల కణాల మధ్య తేడాగా ఉన్న నాలుగైదింటిని ఒక మనిషి కళ్లు పట్టుకోవాలి. ఇందులో ఎక్కడ పొరపాటు జరిగినా రిపోర్టు 'నార్మల్' అనే వస్తుంది. దాన్ని కాపాడింది జబ్బు నెమ్మదితనమే. ఇన్ఫెక్షన్ నుంచి క్యాన్సర్ దాకా మామూలుగా 15-20 ఏళ్లు పడుతుంది కాబట్టి, ఈసారి తప్పిపోయింది మూడేళ్ల తర్వాత దొరుకుతుంది. అంటే మళ్లీ మళ్లీ పిలవగలిగిన చోటే పాప్ గెలిచింది.

పిలవలేని చోట సంగతి? ల్యాబ్ లేదు, స్లైడ్ చదివేవాళ్లు లేరు. అలాంటి చోట్లకు వచ్చింది వీఐఏ, అంటే ఎసిటిక్ యాసిడ్ రాసి కంటితో చూసే పరీక్ష. మూడు నుంచి ఐదు శాతం ఎసిటిక్ యాసిడ్ (వెనిగర్‌లో ఉండేది అదే) దూదితో రాసి, ఒక నిమిషం ఆగి, మామూలు కంటితో చూస్తారు. అంచు స్పష్టంగా ఉన్న తెల్లమచ్చ లేస్తే అనుమానం. ఫలితం అప్పటికప్పుడే తెలుస్తుంది, వీలైతే చికిత్స కూడా అదే రోజు. కానీ అక్కడ వాపు ఉన్నా, ఇన్ఫెక్షన్ ఉన్నా కూడా తెల్లబడొచ్చు, చూసే కన్నును బట్టి జవాబు మారుతుంది. నెలసరి ఆగిపోయాక చూడాల్సిన భాగం లోపలికి జరిగిపోతుంది కాబట్టి అప్పుడు ఇది పెద్దగా పనికిరాదు.

ఈలోగా జర్మనీలో హరాల్డ్ జుర్ హౌసెన్ బృందం 1983లో హెచ్‌పీవీలో 16వ రకాన్ని, మరుసటి ఏడాది 18వ రకాన్ని ఈ క్యాన్సర్ కణితుల్లో పట్టుకుంది. ఆయనకు 2008లో నోబెల్ వచ్చింది. అసలు కారణం వైరసే అని తేలాక, కణాలు మారాయా అని చూడటం కంటే వాటిని మార్చే వైరస్ ఉందా అని ముందే చూడొచ్చు కదా!

మూడింటినీ పక్కపక్కన పెట్టి చూసిన పెద్ద ట్రయల్ మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లా పల్లెల్లో జరిగింది. 30 నుంచి 59 ఏళ్ల లోపు 1,31,746 మంది ఆడవాళ్లు, నాలుగు గ్రూపులు. 2009లో వచ్చిన ఫలితం ప్రకారం ఒకే ఒక్కసారి చేసిన హెచ్‌పీవీ టెస్ట్ మరణాల్ని దాదాపు సగానికి తగ్గించింది. పాప్, వీఐఏ గ్రూపుల్లో చెప్పుకోదగ్గ తగ్గుదల లేదు. నాలుగో గ్రూపుకు ఏ స్క్రీనింగూ చేయకుండా పోల్చి చూడటం మీద తర్వాత గట్టి విమర్శలే వచ్చాయి, నా ఉద్దేశంలో అవి న్యాయమైనవే. అలాగని వీఐఏను తీసిపారేయలేం. ముంబైలో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి నాలుగు విడతలు చేసిన చోట అదే పరీక్ష మరణాల్ని 31 శాతం తగ్గించింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాల్లో హెచ్‌పీవీ డీఎన్ఏ పరీక్షను ముందు పెట్టింది: 30 ఏళ్ల నుంచి, ఐదు నుంచి పదేళ్లకోసారి. హెచ్ఐవీ ఉన్నవాళ్లకు 25 నుంచే, ఇంకా తరచుగా. శాంపిల్ ఎవరికి వాళ్లే తీసుకోవచ్చు, దాంతో స్పెక్యులమ్ (యోనిని తెరిచి లోపల చూసే పరికరం) అంటే భయపడి రానివాళ్లకూ దారి దొరికింది. ఆస్ట్రేలియా 2022 నుంచి ఈ అవకాశం అందరికీ ఇస్తోంది.

చిక్కల్లా పాజిటివ్ వచ్చాక. చాలామందిలో ఈ వైరస్ ఒకటి రెండేళ్లలో దానంతటదే పోతుంది, చిన్న వయసులో అయితే మరీను. అందుకే 30 దాటాక మొదలుపెట్టమనేది. కొన్ని చోట్ల పాజిటివ్ వస్తే నేరుగా చికిత్స చేస్తారు, మిగతా చోట్ల ఇంకో పరీక్షతో వడపోస్తారు. ఆ రెండో పరీక్ష చాలాసార్లు పాతకాలపు పాప్ స్మియరే, అందులోనూ తేడా కనిపిస్తే 1925లో జర్మన్ డాక్టరు హిన్సెల్‌మాన్ తయారుచేసిన కాల్పోస్కోప్ (గర్భాశయ ముఖద్వారాన్ని పెద్దది చేసి చూపే పరికరం) దగ్గరికే పంపుతారు.