ఇంట్లో నటరాజు, నరసింహుడు ఉండకూడదా? కొన్ని అపోహలు - వాస్తవాలు

విగ్రహాల పని చేసే మా దగ్గరకు వచ్చేవారు ఒకప్పుడు ఎత్తు ఎంత, లోహం ఏది, ఎన్నాళ్లలో అవుతుంది అని అడిగేవారు. ఇప్పుడు వాటన్నిటికంటే ముందు మరో ప్రశ్న వస్తోంది: "ఇది ఇంట్లో ఉండవచ్చా అండీ, ఏమైనా అరిష్టమా?" ఈ ప్రశ్న వేసేవారిలో భక్తి లేనివారు దాదాపు ఉండరు. వాట్సాప్‌లో వచ్చిన సందేశమో, గృహప్రవేశానికి వచ్చిన బంధువు అన్న మాటో, వాస్తు చూడటానికి వచ్చినాయన గోడకున్న పటాన్ని చూసి పెదవి విరవడమో వారి చేత ఈ ప్రశ్న అడిగిస్తోంది. భయపడినవారి మీద నాకు కోపం లేదు. ఏ గ్రంథమూ చూపకుండా భయపెట్టి, ఆపైన శాంతి పేరుతో వేలకు వేలు ఖర్చు పెట్టించేవారితోనే నా పేచీ.

అపోహ: నటరాజు చేసేది ప్రళయ తాండవం, ఆ విగ్రహం ఉన్న ఇంట్లో కలహాలు తప్పవు.

మనం ఇళ్లలో, నాట్య పాఠశాలల్లో చూసే నటరాజు చిదంబరంలో కొలువైన ఆనంద తాండవ మూర్తి. సంహార తాండవం వేరే ఉంది. చోళుల కాలంలో, 10వ శతాబ్దం నుంచి కావేరీ తీరపు శిల్పులు మైనపు పోత పద్ధతిలో స్థిరపరచిన రూపాన్నే నేటికీ మేమంతా అనుసరిస్తున్నాము. భయపడేవారు ఈ మూర్తిలో సాధారణంగా రెండే చూస్తారు: వెనుక ఎడమ చేతిలోని నిప్పు, పాదం కింద పడి ఉన్న మరుగుజ్జు. మిగిలినవి కూడా చూడాలి. వెనుక కుడి చేతిలోని డమరుకం సృష్టికి గుర్తు. ముందు కుడి చెయ్యి అభయ ముద్రలో ఉంది, అది స్థితి, అంటే కాపాడటం. నిప్పు సంహారం. కింద మోపిన కుడి పాదం తిరోభావం, అంటే మరుగుపరచడం. పైకెత్తిన ఎడమ పాదం అనుగ్రహం. ముందు ఎడమ చెయ్యి ఏనుగు తొండంలా వాలి, ఎటు చూడాలో చెబుతున్నట్టుగా ఆ ఎత్తిన పాదాన్నే చూపిస్తుంది. శైవ సిద్ధాంతం చెప్పే పంచకృత్యాలు ఇవే. అయిదింటిలో ఒక్క నిప్పును పట్టుకుని, దాన్ని ఆలుమగల మధ్య రగిలే నిప్పుగా చెప్పడం ఏ శాస్త్రంలోనూ లేదు.

ఇక పాదం కింద ఉన్నవాడు అపస్మారుడు, అజ్ఞానానికి ప్రతీక. అతడు చావలేదు, అణిగి ఉన్నాడు. పాత కంచు విగ్రహాలను దగ్గరగా చూస్తే చాలాచోట్ల అతడు తల ఎత్తి స్వామి వైపే చూస్తూ ఉంటాడు. ఇదే అపస్మారుడు దక్షిణామూర్తి పాదం కింద కూడా ఉన్నాడు. మర్రిచెట్టు నీడన మౌనంగా కూర్చున్న దక్షిణామూర్తి పటాన్ని పిల్లల చదువు కోసం నిశ్చింతగా తగిలించుకునే ఇంట్లోనే నటరాజును చూసి జంకడం నాకు ఎప్పటికీ అర్థం కాదు.

ఈ విగ్రహంలో చాలామంది గమనించనిది చెవుల దగ్గర ఉంది. కుడి చెవికి పురుషులు ధరించే మకర కుండలం, ఎడమ చెవికి స్త్రీలు ధరించే పత్ర కుండలం ఉంటాయి. అర్ధనారీశ్వర తత్త్వాన్ని శిల్పి అంత చిన్నచోట ఇమిడ్చాడు. దంపతులను విడదీస్తుందని పేరు మోస్తున్న మూర్తి చెవులకే దాంపత్యం వేలాడుతోంది. పోత పూర్తయ్యాక ఆకురాయి పట్టేటప్పుడు మా పెద్దలు అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త చెప్పేది ఈ కుండలాల గురించి, ఆ తర్వాత పెదవుల గురించి. పెదవుల చివర అర నూలు తేడా వచ్చినా చిరునవ్వు పోతుంది; ఆ నవ్వు పోతే అది ఆనంద తాండవం కాదని మళ్లీ పోత పోయించినవారిని చూశాను.

ఒకసారి ఒక తల్లి పాత తువ్వాలులో చుట్టిన నటరాజును తెచ్చి, "దీన్ని కరిగించేయండి నాయనా, ఎంతిచ్చినా ఫరవాలేదు" అన్నారు. కూతురి కూచిపూడి రంగప్రవేశానికి గురువుగారు ఇచ్చిన విగ్రహమట. పెళ్లయిన తర్వాత కూతురికీ అల్లుడికీ పొసగక అమ్మాయి పుట్టింటికి వచ్చేసింది, కారణం ఈ విగ్రహమేనని దగ్గరి బంధువు ఒకరు తేల్చారు. ఆవిడ కళ్లు ఉబ్బి ఉన్నాయి. "అమ్మా, ముందు ఈ కుడి చెయ్యి ఒక్కటి చూడండి" అని, పాము చుట్టుకున్న ఆ ముంజేతిని వెలుతురు వైపు తిప్పి చూపించాను. కాసేపు చూసి, "ఇది మా లక్ష్మీదేవి పట్టే చెయ్యే కదా" అన్నారు. అవును, అదే అభయ హస్తం. కాపురం సంగతి ఇరువైపుల పెద్దలు కూర్చుని మాట్లాడవలసిన విషయమనీ, మా కొలిమిలో తేలేది కాదనీ చెప్పి, విగ్రహానికి చింతపండు పట్టించి మెరుగు పెట్టి తిరిగి పంపించాను.

అపోహ: నరసింహుడు ఉగ్రమూర్తి కాబట్టి ఆయన పటం సంసారులకు పనికిరాదు.

నరసింహులు, నరసమ్మ, లక్ష్మీనరసింహం, యాదగిరి అని తరతరాలుగా పిల్లలకు పేర్లు పెట్టుకున్న జాతి మనది. ఆ పేరుతో పిలిచిన బిడ్డను ఒడిలో కూర్చోబెట్టుకుని, ఆ దేవుడి పటాన్ని మాత్రం అటక మీదకు ఎక్కించడం ఏం న్యాయం? అహోబిలంలో తొమ్మిది నరసింహ రూపాలున్నాయి. జ్వాలా నరసింహుడు హిరణ్యకశిపుడి పొట్ట చీలుస్తున్న చోటికి జనం పసిపిల్లలను ఎత్తుకుని ఎక్కుతారు; అదే కొండల్లో మాలోల నరసింహుడు లక్ష్మీదేవితో ప్రసన్నంగా ఉంటాడు. సింహాచలంలో స్వామి ఉగ్రాన్ని చల్లార్చడానికే చందనం పూస్తారని చెప్పి నన్ను ఒప్పించాలని చూసినవారున్నారు. అయితే అక్షయ తృతీయ నాడు ఆ చందనం ఒలిచి నిజరూపం చూపే రోజున జనం భయంతో దూరంగా ఉండటం లేదు, ఆ ఒక్కరోజు దర్శనం కోసమే బారులు తీరుతున్నారు.

ఈ అపోహకు హంపీ విగ్రహం కూడా కొంత కారణమని నా అభిప్రాయం. శ్రీకృష్ణదేవరాయలు 1528లో ఒకే బండలో చెక్కించిన, 6.7 మీటర్ల ఎత్తున్న ఆ మూర్తిని అందరూ ఉగ్ర నరసింహుడని పిలుస్తారు; పర్యాటకులకు చూపించేవారు కూడా అదే చెబుతారు. వాస్తవానికి అది లక్ష్మీనరసింహ విగ్రహం. ఎడమ తొడ మీద లక్ష్మీదేవి కూర్చుని ఉండేది. 1565 తళ్లికోట యుద్ధం తర్వాత జరిగిన విధ్వంసంలో అమ్మవారి విగ్రహం తొలగిపోయింది, స్వామి చేతులు విరిగాయి, పెద్ద కళ్లూ తెరచిన నోరూ మాత్రం మిగిలాయి. ఆ మిగిలినదాన్ని చూసి జనం ఉగ్రుడని పేరు పెట్టారు. అక్కడికి వెళ్లినప్పుడు వెనుక వైపు నుంచి చూడండి: స్వామి వీపు మీద లక్ష్మీదేవి చెయ్యి ఇప్పటికీ ఉంది, ఆయనను పొదివి పట్టుకుని. మోకాళ్లకు అడ్డంగా కనిపించే రాతి పట్టీ యోగపట్టం. అంటే ఆ శిల్పి మలచినది యోగంలో, సతీసమేతంగా కూర్చున్న దేవుణ్ణి. ఇదే విగ్రహం ఫొటోను ఇంట్లో పెట్టుకుంటే భార్యాభర్తలు విడిపోతారని ఒక పెద్దమనిషి నాతో వాదించినప్పుడు, ఆ చెయ్యి ఫొటోను చూపించడం తప్ప నేనేమీ మాట్లాడలేదు.

ఈ భయాలకు గుడి కట్టే, పూజించే పద్ధతులు చెప్పే ఆగమాల్లో అసలు మూలమే లేదా అంటే, పూర్తిగా లేదని చెప్పలేను. వైఖానస ఆగమం మూలవిరాట్టులను యోగ, భోగ, వీర, ఆభిచారిక మూర్తులుగా విభజించి, ఆభిచారిక మూర్తిని ఊరి లోపల ప్రతిష్ఠించకూడదని, అడవుల్లోనో కొండల్లోనో సరిహద్దుల్లోనో ఉంచాలని చెబుతుంది. అది శత్రువుల ఓటమి కోసం రాజులు చేయించుకున్న రూపం, పరివార దేవతలు లేకుండా మలిచేది. ఆ నియమం గర్భాలయంలో ప్రాణప్రతిష్ఠ జరిగి, నిత్యం నైవేద్యం అందుకునే ధ్రువబేరానికి, అంటే కదపని మూలవిగ్రహానికి సంబంధించినది. దాన్ని తెచ్చి హాల్లో గోడకు వేలాడే క్యాలెండరుకు అంటగట్టడం చదివినవారు చేసే పని కాదు. ఇంటి విగ్రహానికి నిజంగా ఉన్న నియమం వేరు: పూజలో పెట్టే ప్రతిమ బొటనవేలి కణుపు నుంచి జానెడు వరకు ఉండవచ్చని, అంతకు మించితే గృహస్థుకు తగదని మత్స్యపురాణం చెబుతుంది. పెద్ద విగ్రహానికి తగిన నిత్యసేవ ఇంట్లో సాగదు కనుక ఇది సబబైన మాటే. విచిత్రమేమంటే ఈ నియమం గురించి మాత్రం ఎవరూ అడగరు. మూడడుగుల వినాయకుణ్ణి పూజగదికి చేయించుకుని, అరచేతిలో పట్టే నరసింహుణ్ణి చూసి బెదురుతారు.

మిగిలిన అపోహలకు ఇంత చర్చ అక్కరలేదు. నిలబడిన లక్ష్మి ఉంటే డబ్బు నిలవదంటారు. తిరుచానూరులో అమ్మవారు కూర్చుని ఉన్నారు, కొల్హాపూర్‌లో మహాలక్ష్మి నిలబడే ఉంది, రెండుచోట్లా హుండీలు నిండుతూనే ఉన్నాయి. తామరలో నిలబడిన రవివర్మ లక్ష్మి అచ్చు పటాలు మన ముత్తాతల కాలం నుంచి షావుకార్ల కొట్లలో గల్లాపెట్టెల మీదే వేలాడాయి. పిల్లనగ్రోవి పట్టిన కృష్ణుడు ఇల్లు ఊదేస్తాడట! ఊరూరా వేణుగోపాలస్వామి గుళ్లున్న నేల ఇది. క్షేత్రయ్య పదాల్లో ఎక్కువ భాగం మొవ్వ గోపాలుడివే. కాళి నాలుక చాచడం భర్తను తొక్కినందుకు సిగ్గుపడటమని చెప్పే కథ జనంలో ఉంది, కానీ దేవీ మాహాత్మ్యంలో ఆమె చండముండులతో యుద్ధంలో పుట్టినప్పుడే నాలుక చాచి ఉంది, అక్కడ పాదాల కింద శివుడు లేడు. కుడి వైపు తొండం తిరిగిన గణపతికి మడి ఎక్కువ పాటించే ఆచారం కొన్ని కుటుంబాల్లో ఉంది, పాటించేవారు పాటించవచ్చు. ముంబయి సిద్ధివినాయకుడి తొండం కుడికే ఉందన్న సంగతి కూడా తెలిసి ఉంటే మంచిది.

నటరాజు, నరసింహుల గురించే ఇంతసేపు చెప్పడానికి కారణం, ఈ భయంతో జనం నిజంగా నష్టపోతున్నారు. తాతగారి నాటి పంచలోహ లక్ష్మీనరసింహుణ్ణి పాత సామాన్ల కొట్టులో కిలోల లెక్కన ఇచ్చేసిన కుటుంబం ఒకటి, కొన్నాళ్లకు అలాంటిదే కొత్తది చేయించాలని నా దగ్గరకు వచ్చింది. పాత పోత పనిలో ఆ జూలు వెంట్రుకల వరుసలు, ఆ అరిగిన పీఠం నేను ఎలా తెచ్చివ్వగలను? రావి చెట్ల మొదళ్లలో గాజు పగిలి, ఎండకూ వానకూ నానుతున్న పటాల్లో సగం పగిలినందుకు పారేసినవి కావు, భయపడి వదిలేసినవి.

విగ్రహం నిజంగా విరిగి భిన్నమైతే పూజలో ఉంచకపోవడం, పారే నీటిలో కలపడం సంప్రదాయమే. అవయవాలు సరిగా ఉన్నదాన్ని అలా చేయకండి. ఎంత చెప్పినా మనసు ఒప్పుకోకపోతే నటరాజును దగ్గర్లోని నాట్యం నేర్పే గురువుకు ఇవ్వండి, నరసింహుణ్ణి మీ ఊరి వైష్ణవాలయ అర్చకులను అడిగి వారికి అప్పగించండి. అది 100 ఏళ్లు దాటిన లోహ విగ్రహమో రాతి విగ్రహమో అయితే 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం పురావస్తువు అవుతుంది, దాన్ని నమోదు చేయించాలి, సొంతంగా విదేశాలకు పంపడానికి వీల్లేదు. అమెరికాలో ఉన్న పిల్లలకు అమ్మమ్మ పూజించిన విగ్రహం పంపాలనుకునేవారు ముందు పురావస్తు శాఖకు చూపించి, అది పురావస్తువు కాదని ధ్రువపత్రం తీసుకున్న తర్వాతే పెట్టెలో సర్దండి.