బస్టాండు సరే, కొండ నీళ్లకు దారేది?

తిరుపతి ఆర్టీసీ సెంట్రల్ బస్‌స్టేషన్‌ చోట బహుళ అంతస్తుల ఇంటర్‌మోడల్ (బస్సులు, ఆటోలు, పార్కింగ్ అన్నీ ఒకే చోట ఉండే) బస్‌స్టేషన్ కట్టాలన్న ప్రతిపాదన మళ్లీ చర్చకొచ్చింది. యాత్రికుల రద్దీ, పార్కింగ్ తిప్పలు కొత్తగా చెప్పాల్సినవి కావు. పల్లపు కాలనీల వాళ్లకు ఈ మాట వినగానే గుబులెందుకో తెలియాలంటే 2021 నవంబరు 18 గుర్తు చేసుకోవాలి.

ఆ రోజు శేషాచలం మీద కుండపోత. కపిలతీర్థంలో నీటి ఉరవడికి మండపమే దెబ్బతింది. తిరుమల ఘాట్ రోడ్లు మూసేశారు. కొండ మీంచి దిగిన నీళ్లు ఊళ్లో వీధులనే వంకలుగా చేసుకుని కొర్లగుంట లాంటి చోట్ల ఇళ్లలోకి వచ్చాయి. దానికి నెల ముందే, వాననీళ్లు నిండిన వెస్ట్ చర్చి రైల్వే అండర్‌బ్రిడ్జిలో కారు చిక్కుకుపోయి, కర్ణాటక నుంచి స్వామి దర్శనానికి వచ్చిన ఒక యువతి ప్రాణం పోయింది. దర్శనానికి వచ్చిన బిడ్డ నడి ఊళ్లో నీటమునిగి పోవడం తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

కొండ ఉత్తరాన, స్వర్ణముఖి దక్షిణాన. నీళ్లు అటు నుంచి ఇటు పారాలి. మధ్యలో తూర్పు పడమరలుగా రైలు కట్ట అడ్డం. కట్టకు ఎగువన ఒకప్పుడు గుంటలుండేవి. వాననీటిని పట్టి ఉంచి, నిండాక మరవ పారేవి. కొర్లగుంట, తాతయ్యగుంట అనే పేర్లు మిగిలాయి గానీ నీళ్లు నిలిచే జాగా మిగల్లేదు. రైల్వేస్టేషన్‌కీ బస్టాండుకీ మధ్య దూరం తక్కువ కాబట్టి లాడ్జీలు, హోటళ్లు, దుకాణాలు అక్కడే కిక్కిరిశాయి. శ్రీనివాసం, విష్ణునివాసం యాత్రికుల వసతి సముదాయాలూ అక్కడే. పడిన చినుకు ఇంకడానికి మట్టి కనపడదు.

బస్సులు, ఆటోలు, పార్కింగ్ ఒకే చోట ఉంటే వాహనాల తిరుగుడు, పొగ తగ్గుతాయన్నది కట్టాలనేవాళ్ల మాట. 2022 సెప్టెంబరులో ఘాట్‌లో విద్యుత్ బస్సులు మొదలయ్యాయి. 2023 సెప్టెంబరులో శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ అందుబాటులోకొచ్చింది. పొగ వరకూ వాళ్ల మాటలో బలముంది.

పల్లంలో ఉండేవాళ్ల ప్రశ్న వేరు. ఇంత పెద్ద కట్టడం మీద పడే వాన ఏ కాలువలోకి పోతుంది? ఆ కాలువ రైలు కట్టను ఎక్కడ దాటుతుంది? రైల్వేస్టేషన్ పునరభివృద్ధిలో దక్షిణం వైపు లేచే భవనానికీ ఇదే ప్రశ్న వర్తిస్తుంది. గట్టి వాన పడిన రాత్రి వెస్ట్ చర్చి అండర్‌బ్రిడ్జిలోకి బండి దించడానికి ఊరివాళ్లు ఇవాళ్టికీ వెనకాడతారు.