భయపెట్టే బొమ్మలున్న టారో డెక్ ఇంట్లో ఉంచుకోవచ్చా? అపోహలు - వాస్తవాలు

"అక్కా, బాగుందని ఆన్‌లైన్‌లో ఒక డెక్ తెప్పించుకున్నాను. విప్పి చూస్తే అన్నీ పుర్రెలు, రక్తం, కళ్ళు లేని ముఖాలు. అప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. ఉంచుకోవాలా, పారేయాలా?"

విశాఖలో పన్నెండేళ్ళుగా టారో కార్డులు చదువుతున్నాను, అంటే బొమ్మల ముక్కలు పరిచి, వాటిని బట్టి అడిగినవాళ్ళ పరిస్థితి గురించి చెబుతాను. కొంతమందికి నేర్పుతున్నాను కూడా. 78 ముక్కల కట్టనే డెక్ అంటాం. నేర్చుకునేవాళ్ళ దగ్గర ఎక్కువగా వినే ప్రశ్న ఇది. అడిగేవాళ్ళ భయం నిజమైనది. అందుకే "ఏం కాదులే" అని ఒక్క ముక్కలో తేల్చేయడం నాకు ఇష్టం ఉండదు.

అపోహ: అలాంటి బొమ్మ ఇంట్లో ఉంటే అరిష్టం.

వాస్తవం: టారో పుట్టింది పేకాట కోసం. 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో, మిలన్, ఫెరారా లాంటి చోట్ల ప్రభువుల ఇళ్ళలో ఈ ఆట ఆడేవారు. 1450 ప్రాంతంలో మిలన్ పాలకుల కోసం చేత్తో గీయించిన విస్కాంటి-స్ఫోర్జా కట్టలో మృత్యువు ముక్క ఉంది. విల్లు, బాణం పట్టుకుని నిలబడ్డ అస్థిపంజరం అది. ప్లేగు మళ్ళీ మళ్ళీ వచ్చి పోతున్న రోజులవి. చావు బొమ్మ వాళ్ళకు కొత్త కాదు. ఆ ముక్కను చేతిలో పట్టుకునే ఆట ఆడుకున్నారు.

'హ్యాంగ్డ్ మ్యాన్' చూసి ఉరి తీసిన మనిషి అనుకుని జడుసుకుంటారు చాలామంది. సరిగ్గా చూడండి, అతను వేలాడుతున్నది మెడతో కాదు, ఒక కాలితో. ఆ రోజుల్లో ఇటలీ నగరాల్లో ద్రోహం చేసి పారిపోయినవాడి పరువు తీయడానికి, వాడు తలకిందులుగా వేలాడుతున్నట్టు అందరికీ కనిపించే గోడల మీద బొమ్మ వేయించేవారు. ఈ ముక్కకు ఇటలీలో పాత పేరు కూడా 'ద్రోహి' అనే. ఈ సంగతి తెలిశాక ఆ బొమ్మ దయ్యంలా కనిపించడం మానేస్తుంది. మా క్లాసుల్లో ఇది నేను చాలాసార్లు చూశాను.

ఇక టారో అంటే 'ఈజిప్టు పూజారుల రహస్య విద్య' అనే మాట 1781లో ఫ్రాన్స్‌లో కూర్ ద జెబెలాన్ అనే పండితుడు రాసింది. అప్పటికి ఈజిప్టు చిత్రలిపిని చదవగలిగినవాళ్ళే లేరు. ఫ్రెంచి పండితుడు షాంపోలియాన్ ఆ లిపి గుట్టు విప్పింది 1822లో. కార్డుల్లో ఏదో మంత్రం దాగి ఉందన్న భయానికి చాలావరకు మూలం ఈ కథే.

మన ఇళ్ళల్లో కురుక్షేత్ర యుద్ధం పటం పెట్టకూడదంటారు, ఉగ్రమూర్తుల పటాలు పెట్టకూడదంటారు. ఆ అలవాటులోంచే ఈ సందేహం వస్తోందని నాకు తెలుసు. ఒకావిడ నన్ను సూటిగానే అడిగారు: "సింహాచలంలో స్వామి ఉగ్రరూపాన్నే ఏడాదిలో ఒక్కరోజు తప్ప చందనంతో కప్పి ఉంచుతారు కదమ్మా, మీరు ఈ బొమ్మలు బల్ల మీద పరుస్తారేంటి?" మంచి ప్రశ్న. అక్కడున్నది నిత్యపూజ అందుకునే దేవుడు. ఇక్కడున్నది ప్రెస్సులో అచ్చయిన అట్టముక్క. దీనికి ప్రాణప్రతిష్ఠ లేదు, నైవేద్యం లేదు. రెండింటినీ ఒక గాటన కట్టకూడదు. అయితే ఉగ్రమైన రూపాన్ని ఎప్పుడు పడితే అప్పుడు, ఎవరి ముందు పడితే వాళ్ళ ముందు తెరవరన్న ఆవిడ మాటలో నాకు పనికొచ్చే విషయం ఉంది. దాని గురించి కింద చెబుతాను.

అపోహ: భయపెట్టే ముక్కలు తీసేసి మిగతావి వాడుకుంటే సరిపోతుంది.

వాస్తవం: విస్కాంటి-స్ఫోర్జా కట్టలో 78 ముక్కలకు గాను 74 మిగిలాయి. లేనివాటిలో డెవిల్ (దయ్యం), టవర్ (బురుజు), త్రీ ఆఫ్ స్వోర్డ్స్ (మూడు కత్తులు) ఉన్నాయి. భయంతో ఎవరో తీసేశారని కొందరు కథ అల్లారు. కానీ నాలుగో ముక్క నైట్ ఆఫ్ కాయిన్స్, అంటే నాణేల గుర్తున్న గుర్రపు వీరుడు. అందులో భయపడేందుకు ఏముంది? ఐదు వందల ఏళ్ళకు పైగా చేతులు మారిన కట్టలో నాలుగు ముక్కలు పోవడం వింతేమీ కాదు.

ముక్కలు తీసేయడం నాకు సమ్మతం కాదు. బాధను చెప్పే ముక్క లేని కట్టతో, బాధలో ఉన్న మనిషికి ఏం చెబుతాం? ఇప్పుడు ఎక్కువమంది వాడే రైడర్-వెయిట్-స్మిత్ డెక్ 1909లో లండన్‌లో వచ్చింది. బొమ్మలు గీసింది పమేలా కోల్మన్ స్మిత్. ఆమె టెన్ ఆఫ్ స్వోర్డ్స్‌లో ఒక మనిషి బోర్లా పడి ఉంటాడు, వీపులో పది కత్తులు. పైన ఆకాశం నల్లగా ఉంటుంది. చాలామంది అక్కడే చూపు తిప్పేసుకుంటారు. ఇంకాస్త కిందికి చూస్తే, నీళ్ళకు అవతల పసుపు వెలుగు ఉంటుంది. పడి ఉన్నవాడి చేతివేళ్ళు ఆశీర్వదిస్తున్న ముద్రలో ఉంటాయి. డెత్ ముక్కలో తెల్ల గుర్రం వెనుక, దూరంగా రెండు బురుజుల మధ్య సూర్యుడుంటాడు. డెవిల్ ముక్కలో దయ్యం ముందు కట్టేసి ఉన్న ఇద్దరి మెడల్లోని గొలుసులు వదులుగా ఉంటాయి, తల పైనుంచి తీసేయగలిగినంత వదులుగా. ఆమె గీసిన భయానికి పక్కనే ఒక దారి కూడా ఉంటుంది. ఆ ముక్కను తీసేస్తే దారి కూడా పోతుంది.

అపోహ: ఎంత భయంకరంగా ఉంటే అంత నిజం చెబుతుంది.

వాస్తవం: నా దృష్టిలో పై అపోహలకన్నా ఇదే ఎక్కువ హాని చేస్తోంది. 'డార్క్ డెక్ దాచకుండా చెబుతుంది' అనే మాటకు నేనూ ఒకప్పుడు లొంగాను. కొత్తలో కొన్న ఒక డెక్‌లో ఏ ముక్క తీసినా రక్తమే. సంతోషం చెప్పాల్సిన టెన్ ఆఫ్ కప్స్‌ (పది పాత్రల ముక్క)లో కూడా అదే. ఆరు నెలలు వాడాక తెలిసింది, ఆ డెక్‌లో త్రీ ఆఫ్ స్వోర్డ్స్ వచ్చినా నాకేమీ అనిపించడం లేదని. గుండెలో మూడు కత్తులు దిగిన ఆ బొమ్మ 15వ శతాబ్దపు సోలా బుస్కా కట్టలోనే ఉంది. ఇన్ని వందల ఏళ్ళుగా మనిషిని కదిలిస్తోంది. కట్టంతా కత్తులే అయితే ఆ మూడు కత్తులకు విలువ ఉండదు.

అందుకే డెక్ ఉంచాలో వద్దో తేల్చుకోవాలంటే నేను చెప్పే పద్ధతి ఒకటుంది. పగటిపూట 78 ముక్కలూ నేల మీద పరవండి. కప్స్ ముక్కల్లో ఆప్యాయత కనిపిస్తోందా? స్టార్, సన్ చూస్తే ఊపిరి తేలికపడుతోందా? భయపెట్టే ప్రతి ముక్కలోనూ భయం కాకుండా ఇంకొకటేదైనా కనిపిస్తోందా? అవునంటే అది మంచి డెక్, ఉంచుకోండి. కేవలం ఒళ్ళు జలదరించడానికే గీసినవైతే వదిలేయండి. ఆడవాళ్ళ శరీరాలను చిత్రహింస పెడుతూ దాన్ని అందంగా చూపించే డెక్ ఒకటి నా దగ్గరికి వచ్చింది. దాన్ని ఒక్కరోజు కూడా ఉంచుకోలేదు, ఎవరికీ ఇవ్వలేదు కూడా. దాని వల్ల ఏదో జరుగుతుందని కాదు. అలాంటిది నా బల్ల మీద ఉండకూడదు, అంతే.

ఇప్పుడు ఆ చందనం మాటకు వస్తాను. నాలుగేళ్ళ క్రితం ఒకామె రీడింగ్‌కు వచ్చింది. ఉద్యోగం గురించి అడిగింది. ఆ రోజు నా చేతిలో ఉన్నది కాస్త ముదురు బొమ్మల డెక్. డెత్ వచ్చింది. సగం కుళ్ళిన శవం బొమ్మ. ఆమె ముఖం పాలిపోయింది. రెండు నెలల క్రితమే వాళ్ళ నాన్నగారు పోయారట. నేను "ఈ కార్డుకు అర్థం మార్పు" అని చెప్పబోయాను, అందరికీ చెప్పే మాటే. ఆమె వినే స్థితిలో లేదు. ఆ బొమ్మలో ఆమెకు కనిపించింది మార్పు కాదు, వాళ్ళ నాన్న. ఆ తప్పు నాదే. ముందు అడగలేదు. అప్పటి నుంచి కూర్చోగానే రెండు మూడు డెక్‌ల బొమ్మలు చూపించి, ఏది తెరవమంటారని అడుగుతున్నాను. ఇంట్లో ఈ మధ్య ఎవరైనా పోయారా అని నెమ్మదిగా కనుక్కుంటున్నాను. ముదురు డెక్ వాళ్ళు కోరితేనే బయటికి వస్తుంది.

మీ విషయంలోనూ అంతే. ఆ బొమ్మ మీ జీవితంలో జరిగిన దేన్నో కెలుకుతోందంటే, డెక్ ఎంత గొప్పదైనా పక్కన పెట్టేయండి. డెక్ తీసేశాక కూడా రాత్రుళ్ళు నిద్ర పట్టకపోతే డాక్టర్ని కలవండి. ఆ పని కార్డులు చేయలేవు.

అపోహ: ఇంట్లోవాళ్ళ భయం మూఢనమ్మకం, పట్టించుకోనక్కర్లేదు.

వాస్తవం: పట్టించుకోవాలి. పూజగది గోడకు ఆనుకుని ఉన్న అల్మారాలో నా డెక్‌లు ఉండడం మా అత్తయ్యకు నచ్చలేదు. నేను వాదించలేదు, నా పని గదిలోకి మార్చాను. చిన్నపిల్లలున్న ఇల్లయితే తాళం వేసి ఉంచండి. ఎనిమిదేళ్ళ పిల్లాడికి పుర్రె బొమ్మ అట్టముక్క అని చెప్పినా, రాత్రి వాడికి అది పుర్రే.

అపోహ: వదిలించుకోవాలంటే కాల్చాలి, లేదా నదిలో కలపాలి.

వాస్తవం: ఈ కార్డుల మీద చాలావాటికి ప్లాస్టిక్ పూత ఉంటుంది. కాలిస్తే వచ్చే పొగ మంచిది కాదు, నీళ్ళలో వేస్తే కరగదు. ఉప్పులో పాతిపెట్టడం లాంటివీ అవసరం లేదు. ముక్కలు 78 ఉన్నాయో లేదో లెక్కపెట్టి, పుస్తకంతో సహా పెట్టెలో సర్ది, కావలసినవాళ్ళకు ఇవ్వండి లేదా అమ్మండి. లోపల ఎలాంటి బొమ్మలున్నాయో ముందే చెప్పండి. టారో డెక్ బహుమతిగానే రావాలి, కొనకూడదు అనే మాట కూడా ఉత్తదే, కాబట్టి డబ్బు తీసుకోవడానికి మొహమాటపడకండి. ఆరు నెలలు వాడిన నా రక్తాల డెక్‌ను బొమ్మలు గీయడం నేర్చుకుంటున్న ఒక అబ్బాయి తీసుకున్నాడు. ఎముకలు బాగా గీశారట అందులో.