రిపోర్టులో కనిపించని డెంగీ ప్రోటీన్

వానాకాలం జ్వరాలు మొదలయ్యాయంటే నల్గొండ, మహబూబ్‌నగర్‌ ల్యాబ్‌ల దగ్గర ‘ఎన్‌ఎస్‌1 పాజిటివ్’ అన్న మాట తరచూ వినిపిస్తుంది. వెంటనే ఇంటిల్లిపాదికీ ప్లేట్‌లెట్ల టెన్షన్ పట్టుకుంటుంది. ఎన్‌ఎస్‌1 డెంగీ వైరస్ ప్రోటీన్. రక్తంలో దొరుకుతుంది కాబట్టి పరీక్షకు పనికొస్తుంది. అదే వైరస్‌కు ఎన్‌ఎస్‌5 అనే మరో ప్రోటీన్ ఉంది. రిపోర్టులో దాని ఊసే ఉండదు గానీ, అది మన కణాల్లో చేసే పని తెలుసుకోవాల్సిందే.

ఆ కథ 1977లో మొదలైంది. అప్పటిదాకా జన్యువంటే డీఎన్‌ఏలో తెగకుండా సాగే రాత అనుకునేవారు. అమెరికాలో ఫిలిప్ షార్ప్, రిచర్డ్ రాబర్ట్స్ బృందాలు వేర్వేరుగా అడెనోవైరస్‌ను పరిశీలించాయి. జలుబు, గొంతునొప్పి తెచ్చే వైరస్ ఇది. దాని ఆర్‌ఎన్‌ఏను (జన్యువు నుంచి కణం రాసుకునే సందేశాన్ని) డీఎన్‌ఏతో జతచేసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే, జత కుదరని డీఎన్‌ఏ ముక్కలు ఉచ్చుల్లా బయటికి పొడుచుకొచ్చాయి. అంటే ఆర్‌ఎన్‌ఏ తయారయ్యాక మధ్య భాగాలను కణం కత్తిరించేసి, మిగిలినవాటిని అతుకుతోంది. ఇదే స్ప్లైసింగ్. ఇద్దరికీ 1993లో నోబెల్ వచ్చింది. మన జన్యువుల్లోనూ ఇదే జరుగుతుంది. ఒకే జన్యువు సందేశాన్ని రకరకాలుగా కత్తిరించి వేర్వేరు ప్రోటీన్లు చేసుకోగలగడం మన కణాలకు పెద్ద బలం. కొన్ని వైరస్‌లు దెబ్బకొట్టేదీ అక్కడే.

ఫ్లూ వైరస్ ప్రోటీన్ ఒకటి స్ప్లైసింగ్‌ను అడ్డుకుంటుందని 1990లలో తేలింది. దాని పేరూ ఎన్‌ఎస్‌1 అయినా డెంగీ ఎన్‌ఎస్‌1తో దానికి సంబంధం లేదు. కరోనా వైరస్‌లోని ఎన్‌ఎస్‌పీ16 కూడా ఇలాంటి పనే చేస్తుందని 2020లో బయటపడింది.

డెంగీ విషయంలో ఒక చిక్కుముడి ఉండేది. ఎన్‌ఎస్‌5 పని వైరస్ ఆర్‌ఎన్‌ఏకు నకళ్లు తీయడం. ఆ నకళ్లు తయారయ్యేది కణ కేంద్రకం బయట. మరి ఎన్‌ఎస్‌5 కేంద్రకంలో ఎందుకు పోగవుతోంది? 2016లో అర్జెంటీనా శాస్త్రవేత్తల అధ్యయనం దీనికి ఒక జవాబు ఇచ్చింది. కత్తిరించి అతికే యంత్రాంగమైన స్ప్లైసియోజోమ్‌లోని ప్రోటీన్లను ఎన్‌ఎస్‌5 అంటుకుంటోంది. దాంతో తీసేయాల్సిన ముక్కలు కొన్ని సందేశాల్లో అలాగే మిగిలిపోతున్నాయి. వైరస్‌తో పోరాడే కొన్ని ప్రోటీన్ల సందేశాలూ మారిపోతున్నాయి. స్ప్లైసియోజోమ్ ప్రోటీన్లలో రెండింటిని శాస్త్రవేత్తలు తగ్గించి చూస్తే వైరస్ ఇంకా బాగా పెరిగింది. అంటే మామూలుగా అవి వైరస్‌కు అడ్డుపడుతున్నాయన్నమాట. నాకు అన్నిటికన్నా బలంగా అనిపించిన ఆధారం ఇదే.

అయితే ఇవి ల్యాబ్‌లో పెంచిన కణాల మీద చూసిన ఫలితాలు. ప్లేట్‌లెట్లు పడిపోవడానికి ఇదే కారణమని వీటిని పట్టుకుని చెప్పకూడదు. డెంగీ వైరస్‌ను నేరుగా చంపే మందు ఇంకా వాడుకలోకి రాలేదు. ఇప్పటికి వైద్యమంటే ఒంట్లో నీరు తగ్గకుండా చూడటం, జ్వరానికి పారాసిటమాల్, ప్రమాద సూచనలు కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లడం. ఐబూప్రోఫెన్, ఆస్పిరిన్ సొంతంగా వేసుకోవద్దు. వాటితో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది.