మౌలివాక్కం తర్వాత కూడా మేనేజర్‌కు పరీక్ష లేదు

2014 జూన్ 28, శనివారం. చెన్నై పోరూరు దగ్గర మౌలివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల భవనం, వాన కురుస్తున్న సాయంత్రం పూట కూలిపోయింది. 61 మంది చనిపోయారు. వాళ్ళలో చాలామంది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన మనవాళ్ళు. పక్కనే మిగిలిన రెండో టవర్‌ను 2016 నవంబరులో పేల్చి నేలమట్టం చేశారు.

ప్రమాదం జరిగిన ప్రతిసారీ కూలీలకు హెల్మెట్లు, బెల్టులు ఇచ్చారా అని అడుగుతాం. అడగాల్సిందే. అయితే 11 అంతస్తులు మీద పడితే హెల్మెట్ ఏం కాపాడుతుంది? ఇనుము ఎంత వాడాలి, సెంట్రింగ్ ఎప్పుడు విప్పాలి, పై స్లాబ్ ఎన్ని రోజులకు వేయాలి అన్నది కూలీ చేతిలో లేదు. అవి నిర్ణయించేవాళ్ళకు భద్రత, కార్మిక చట్టాలు ఎవరు నేర్పుతున్నారు?

చట్టం పైవాళ్ళ వైపు చాలా నెమ్మదిగా తిరిగింది. ఫ్యాక్టరీ మేనేజర్ పేరు ముందే అధికారులకు రాసివ్వాలని 1948 ఫ్యాక్టరీల చట్టం చెప్పింది. కానీ ఎవరో ఒక ఉద్యోగిని ‘ఆక్యుపయర్’గా, అంటే ఫ్యాక్టరీ మీద చివరి అజమాయిషీ ఉన్న మనిషిగా, చూపించి డైరెక్టర్లు పక్కకు తప్పుకునే వీలుండేది. 1984లో భోపాల్ జరిగాక, 1987 సవరణతో, కంపెనీలో ఆ బాధ్యత ఒక డైరెక్టర్ మీదే పెట్టారు. భవన నిర్మాణానికైతే దేశమంతటికీ వర్తించే ప్రత్యేక చట్టం 1996లో గాని రాలేదు. 500 మంది, అంతకు మించి పనిచేసే చోట సేఫ్టీ ఆఫీసర్ ఉండాలని అది చెప్పింది.

సేఫ్టీ ఆఫీసర్‌కు ఏ చదువు ఉండాలో నిబంధనల్లో ఉంది. ఆ చదువు చెప్పే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఒకటి చెన్నై తారామణిలోనే ఉంది. ఆయన మాట విని పని ఆపించాల్సిన ప్రాజెక్ట్ మేనేజర్‌కు మాత్రం అలాంటి షరతేదీ లేదు.

గనుల్లో ఇలా ఉండదు. సింగరేణిలో ఒక గనికి మేనేజర్ కావాలంటే గనుల భద్రతా శాఖ పెట్టే పరీక్ష పాసై సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. అందులో చట్టాలు, భద్రత మీద విడిగా ఒక పేపరే ఉంటుంది. డిగ్రీ ఒక్కటే చాలదు. బొగ్గు గనికి పెట్టిన పరీక్ష చెన్నై శివార్లలో లేచే టవర్లకు ఎందుకు పెట్టరో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

చట్టం తెలియని మేనేజర్ వల్ల జరిగే నష్టం గోడలు కూలినప్పుడే కాదు, కాగితాల్లోనూ కనబడుతుంది. వలస కార్మికుడికి అతని పని, కూలి వివరాలు రాసిన పాస్‌బుక్ ఫొటోతో ఇవ్వాలని 1979లోనే చట్టం వచ్చింది. మేస్త్రీ అడ్వాన్స్ ఇచ్చి తెచ్చిన మనిషి పేరు సైట్ రిజిస్టర్‌లో ఎక్కకపోతే, అతను అక్కడ పనిచేశాడని రుజువు చేయడానికే ఇంటివాళ్ళు ఆఫీసుల చుట్టూ తిరగాలి.

2020 నాటి వృత్తి భద్రత కోడ్ అనే కేంద్ర చట్టం 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. నిర్మాణ పనుల్లో సేఫ్టీ ఆఫీసర్ ఉండాల్సిన పరిమితిని 250 మందికి దించింది. ప్రమాదం ముంచుకొస్తోందని అనిపిస్తే హెచ్చరించే హక్కు 1987 నుంచి ప్రమాదకర ఫ్యాక్టరీల కార్మికులకే ఉండేది. ఇప్పుడు అది 10 మంది, అంతకు మించి పనిచేసే నిర్మాణ సైట్లకూ వచ్చింది. నిజమని తోస్తే యజమాని వెంటనే సరిచేసి, ఇన్‌స్పెక్టర్‌కు రిపోర్టు పంపాలి.

సైట్‌లో ఆ హెచ్చరిక నోటీసు రూపంలో రాదు. “బాబూ, ఈ పిల్లరు బీట తీసిందండీ” అని ఉత్తరాంధ్ర తెలుగులో, తమిళం మాట్లాడే ఇంజనీర్ చెవిన పడుతుంది. అది విన్నాక తాను ఏం చేయాలో ఆ ఇంజనీర్‌ను ఇంతవరకు ఏ పరీక్షా అడగలేదు.